పెంకుల ఫ్యాక్టరీ గుంట

మా ముత్తాతగారు కోరుకొండ పక్కన ఒక పెద్ద గ్రామానికి మునసబు. ఆయన అరుగు మీదికి వస్తే వీధిలో వాళ్ళు చుట్టలు దాచుకునేవారట. ఆయన కొడుకు, అంటే మా తాతగారు, పొలం మీద వచ్చేది చాలక కాదు, పొలాన్ని నమ్ముకుని కూర్చోవడం నామోషీ అనిపించి, రాజమండ్రి శివార్లో మంచి బంకమన్ను దొరికే చోట బంగాళా పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. మన్యం నుంచి సముద్రం దాకా ఆ పెంకులు కప్పని ఊరు లేదు. జిల్లాకు కొత్తగా వచ్చిన దొరలు ముందు మా ఇంట్లో కాఫీ తాగి, ఆ తర్వాత కచేరీకి వెళ్ళేవారు. మా నాన్నగారు ఆ ఫ్యాక్టరీని నడిపారు అనడం కంటే, అది ఆగిపోతుంటే దగ్గరుండి చూశారు అనడం సబబు. జనం సిమెంటు స్లాబులకు అలవాటు పడ్డారు. పెంకులు అడిగేవాడు లేకపోయాడు. ఆయన స్థలాన్ని ఒక నూనె వ్యాపారికి అమ్మి, ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు.

నేను సివిల్ డిప్లొమా చదివి ఒక నిర్మాణ సంస్థలో సర్వేయరుగా చేరాను. మా వంశంలో నెల జీతం పుచ్చుకున్న మొదటి మనిషిని. సిగ్గుపడి చెప్పడం లేదు, గొప్ప కోసమూ చెప్పడం లేదు. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉంది. అది చెప్పాలంటే నేను ఎవరినో ముందు చెప్పక తప్పదు.

తొంభైల చివర్లో మా సంస్థ ఊళ్ళో ఒక పాడుపడిన స్థలం కొన్నది. నూనె వ్యాపారి దగ్గర నుంచి కొన్నది. అది మా ఫ్యాక్టరీ స్థలమే. అప్పటికి ఊరు దాన్ని దాటి చాలా దూరం పోయింది. నా చిన్నప్పుడు శివారు అనుకున్న చోటు ఇప్పుడు నట్టనడుమ. బట్టీ గొట్టాలు రెండు, ఆరబెట్టే షెడ్లు, వాటి వెనక పాత కూలీలు కాపురముండే లైను ఇళ్ళు, ఆ వెనక ఏళ్ళ తరబడి మన్ను తవ్విన గుంట. సినిమా హాలు పట్టేంత గుంట అది.

"పాత ఓనరు గారే కొలవాలయ్యా, అప్పుడే నాకు ధైర్యం," అన్నారు మా యజమాని, ఆఫీసులో అందరూ వినేట్టు. అందరూ నవ్వారు. నేను స్థలం కొలిచే గొలుసు తీసుకుని బయల్దేరాను.

ప్లాను గీయడానికి యజమాని హైదరాబాదు నుంచి ఒక ప్లానరును పిలిపించారు. నడివయసు మనిషి, ఎప్పుడూ నోట్లో సోంపు నములుతూ ఉండేవారు. మొదటి రోజే నన్ను జీపులో ఎక్కించుకుని ఊరవతలికి తీసుకెళ్ళి, కోత కోసిన చేలో జీపు ఆపించారు. చేను నిండా సున్నం వేసిన రాళ్ళు పాతి ఉన్నాయి.

"ఇందులో నిరుడు ఏం పండిందండీ?"

"వరి. రెండు పంటలు."

"వచ్చే ఏడాది ఇళ్ళు పండుతాయి. ఊరి మధ్యలో మాత్రం మీ ఫ్యాక్టరీ జిల్లేడు మొక్కలు పెంచుకుంటా ఉంటుంది. అక్కడ రోడ్డుంది, కుళాయి ఉంది, నడిస్తే బజారు, నడిస్తే ఆసుపత్రి. ఊరు పక్కకి పాకడం మానేసి ఉన్నచోటే ఒత్తుగా పెరిగితే, ఈ చేను చేనులాగే ఉంటుంది కదండీ?"

పరాయి వాళ్ళ దగ్గర నాకు తొందరగా మాట రాదు. కాని ఆ మాట నాకు పట్టింది. మా ఫ్యాక్టరీ పోయిందన్న బాధ కంటే అది పనికిమాలి పడి ఉందన్న బాధ నాకు ఎక్కువగా ఉండేదని అప్పుడే తెలిసింది. ఆ తర్వాత ఆ స్థలం మీద నేను చేసిన పని జీతం కోసం చేసిన పని కాదు.

ప్లానరు ఇంకో పట్టు పట్టారు. లైనులో ఉన్నవాళ్ళను బయటికి పంపకూడదని. "వాళ్ళను తోలేస్తే వాళ్ళు ఇంకో చేలో గుడిసెలేసుకుంటారు. ఇంక మనం చేసిందేంటి?" అన్నారు. స్థలం మూలన వాళ్ళకోసం మూడంతస్తుల బ్లాకు ఒకటి గీశారు. అది చూపిస్తే అనుమతులు తొందరగా వస్తాయని లెక్క వేసుకుని యజమాని సరేనన్నారు.

లైనులో మూడో ఇంటావిడ చిన్నప్పుడు మా దగ్గర పెంకులు ఒత్తే మర మీద పనిచేసింది. ఆమె భర్త బట్టీ మండించేవాడు. ఇప్పుడు అతనికి మోకాళ్ళు పట్టేశాయి, ఆమె కూలికి వెళ్ళేది. నేను గొలుసు పరిచిన రోజు గుమ్మంలో కూర్చుని నన్నే చూస్తోంది.

"బాబుగారూ, ఆ గొలుసు ఎన్నిసార్లు లాగుతారండీ? సాగిపోద్ది."

"కొలత సరిగ్గా రావాలి."

"మీ తాతగారి స్థలం మీకే సరిగ్గా రాకపోతే ఇంకెవరికి వత్తదండీ?"

లైనంతా నవ్వింది. ఆఫీసులో నవ్వితే నాకు కోపం వచ్చింది, ఇక్కడ రాలేదు. ఆమె లేచి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"మాకు కట్టేదాంట్లో పై వాటా నాకు రాయించండి."

"మీ ఆయన మోకాళ్ళతో పైకి ఎలా ఎక్కుతాడు?"

"ఆయన కిందే తిరుగుతాడండి. కూడొండాక కేకేత్తాను. ఇన్నాళ్ళూ ఊళ్ళో అందరి నెత్తిమీదికీ కప్పు ఒత్తానండి. నా నెత్తి మీద ఇంకోళ్ళ కాళ్ళుండకూడదు."

నేను ప్లానరుతో చెప్పాను. ఆయన నవ్వి, ప్లాను మీద పై అంతస్తు చివరి వాటాలో పెన్సిలుతో చిన్న చుక్క పెట్టారు.

ఇక గుంట సంగతి. భవనాలు పైల్స్ మీద, అంటే లోతున గట్టి నేలలోకి దించిన కాంక్రీటు స్తంభాల మీద నిలబడతాయి. కాబట్టి గుంటలో ఏం పోసినా భవనానికి ఢోకా లేదు. పైన మనుషులు నడిచే ఖాళీ జాగా మాత్రమే అది. ఈ మాట చెప్పింది మా ప్రాజెక్టు ఇంజినీరు. లెక్క ప్రకారం ఆయన మాటలో తప్పు లేదు. మట్టి దూరం నుంచి తోలాలి. ఉప్పుడు బియ్యం మిల్లుల వాళ్ళేమో బాయిలర్లలో ఊక కాల్చి, ఆ బూడిద ఎక్కడ పోయాలో తెలియక, ఎవరు చోటు చూపిస్తారా అని తిరుగుతుంటారు. ఇంజినీరు చోటు చూపించారు. ఆ వేసవిలో లారీల మీద లారీలు వచ్చి గుంటలో బూడిద పోశాయి. పైన ఎర్రమట్టి పరిచి రోలరు తిప్పారు. ఎక్కడ గుంట ఉండేదో నాకు తప్ప ఎవరికీ తెలియనంత చదునుగా వచ్చింది.

మన వైపు పుట్టినవాళ్ళకు ఊక బూడిద సంగతి ఒకరు చెప్పాలా? మిల్లు వెనక బూడిద దిబ్బ మీదికి వెళ్ళొద్దని చిన్నప్పుడు అందరం వీపు మీద తిన్నవాళ్ళమే. పైన చల్లగా, నల్లగా ఉంటుంది. లోపల వారాల తరబడి నిప్పు రాజుకుంటూనే ఉంటుంది. గేదెలు దిగబడి కాళ్ళు కాల్చుకోవడం చూశాం. ఇంజినీరుదీ ఈ జిల్లాయే. లైను వాళ్ళదీ ఇక్కడే. దిబ్బగా ఉంటే అందరం దూరంగా నడిచేవాళ్ళమే. గుంటలో పోసి పైన మట్టి కప్పేసరికి మా అందరి కళ్ళకూ అది నేల అయిపోయింది. ఇంత తెలివితక్కువ ఎలా సాధ్యమని మీరు అనుకోవచ్చు. మీరు ఇంకా సైటు మీద పనిచేయలేదు.

తొలకరి పడిన మర్నాడు ఆ జాగా మీద సన్నగా ఆవిరి లేచింది. కాగిన నేల మీద వాన పడితే లేచే ఆవిరే అన్నారు ఇంజినీరు. నేనూ అలాగే అనుకున్నాను.

మురుగు గొట్టానికి కందకం తవ్వుతున్న రోజు మూడో ఇంటావిడ తట్ట మోస్తోంది. నేను కొంచెం దూరంలో, నేల ఎత్తుపల్లాలు చూసే లెవెల్ యంత్రం దగ్గర ఉన్నాను. ఆమె తట్ట దింపి వెనక్కి తిరిగింది. కందకం అంచు విరిగి నడుము దాకా దిగబడింది. మంట లేదు. పొగ కూడా లేదు. బురదలో కాలు వేసినదానిలా విసుక్కుంటూ చేతులు కింద ఆనించి లేవబోయింది. చేతులు కూడా లోపలికి పోయాయి. అప్పుడు అరిచింది.

మనుషులు పరిగెత్తారు. అడుగు వేసిన చోటల్లా నేల కుంగుతోంది. సెంట్రింగు చెక్కలు పరిచాం. ఆమె భర్త ఆ మోకాళ్ళతోనే చెక్క మీద పాకుతూ వెళ్ళి చంకల కింద చేతులు వేశాడు. నేను అతని కాళ్ళు పట్టుకుని లాగాను. ఆమెను పైకి తీశాం. మంచినీళ్ళ డ్రమ్ము మొత్తం ఆమె మీద పోశారు. ఊళ్ళో ఆసుపత్రి వాళ్ళు తమ వల్ల కాదంటే జీపులో కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. దారిలో స్పృహలోనే ఉంది. పొయ్యి మీద అన్నం ఉంది, దింపమని చెప్పండి అంది. ఆ వారం దాటకుండానే పోయింది.

పని ఆగింది. విచారణకు ఒక అధికారి వస్తున్నారని కబురు వచ్చింది. యజమాని నన్ను గదిలోకి పిలిచారు. అన్నేళ్ళలో మొదటిసారి "కూర్చోండి" అన్నారు. నేను కూర్చోలేదు.

"మీ బట్టీల్లో ఏం కాల్చేవారండీ?"

"సరుగుడు కట్టెలు. చివరి రోజుల్లో ఊక."

"ఆ ఊక బూడిద ఏం చేసేవారు?"

"రైతులు బళ్ళ మీద తోలుకెళ్ళేవారు."

"తోలుకెళ్ళనిది గుంటలో పోశారు. దాని మీద లైను వాళ్ళు చెత్త తగలబెట్టుకున్నారు, లోపలికి అంటుకుంది. మనం పైన మట్టి పరిచామంతే. లోపల ఏముందో మనకెలా తెలుస్తుంది?" కుర్చీలో ముందుకు వంగారు. "మేం చెప్తే నమ్మరు. ఆ ఫ్యాక్టరీ మనిషి చెప్తే నమ్ముతారు."

నేను తలుపు వైపు తిరిగాను.

"మనమే పోశామంటే సైటుకి సీలు పడుద్ది. బ్యాంకువాళ్ళు వెనక్కి పోతారు. నాకేం, ఇంకో ఊళ్ళో కట్టుకుంటాను. ఆ లైను వాళ్ళ బ్లాకు మాత్రం ఇంక లేవదు. మీ తాతగారి కూలీలే కదండీ వాళ్ళు. మీ ఇష్టం."

సాయంత్రం లైను దగ్గరికి వెళ్ళాను. ఆమె భర్త గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. రెండు చేతులకూ కట్లు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను.

"రేపు మీరే చెప్పాలంటగా బాబుగారూ."

"అవును."

"ఏం చెప్తారండీ?"

"జరిగింది చెప్తాను."

"ఆయ్. జరిగింది నాకూ తెలుసండి. లారీలు నా కళ్ళ ముందే తిరిగినియ్యి. చెప్పేదేంటని అడుగుతున్నాను."

"మీకు కూడా యజమాని చెప్పి పంపారా?"

"పంపారండి. పంపకపోయినా నేను అడిగేవోణ్ణే." చేతుల వంక చూసుకున్నాడు. "పెద్దయ్యగారు పోయి ఎన్నేళ్ళయిందండీ? ఆయన మీద ఓ మాటేత్తే ఆయనకేం బరువు? దేవుడిలాంటి మనిషి, ఉంటే ఆయనే వేసుకునేవోరు."

"మా తాతగారు ఆ గుంట చుట్టూ రైలు పట్టాలతో కంచె వేయించారు. ఆయన ఉన్నన్నాళ్ళూ అందులో మేక కూడా పడలేదు. ఆయన బూడిదలో పడి మీ ఆవిడ పోయిందని నా నోటితో నేను చెప్పను."

అతను తల ఊపాడు. కోపంగా కాదు.

"మీకు పేరు పోద్దని బెంగండి. మాకు ఇల్లు పోద్దండి."

పక్కింటి వాళ్ళు, ఆ పక్కింటి వాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. అందరూ అదే అడగడానికి వచ్చారు, అతను అడిగేశాడు కాబట్టి ఊరుకున్నారు.

"అది పై వాటా కావాలని మీకు చెప్పిందంటగా," అన్నాడు. "ఎక్కకుండానే పోయింది. నేనన్నా ఎక్కుతానండి. మోకాళ్ళు ఇరిగినా ఎక్కుతాను. ఒక్క మాట బాబుగారూ."

నేను వచ్చేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాస్తే అబద్ధం అవుతుంది. నేను ముందే నిశ్చయించుకున్నాను.

మర్నాడు ఆరబెట్టే షెడ్డులో కుర్చీలు వేశారు. అధికారి మొదట ఇంజినీరును అడిగారు. ఆయన బూట్ల వంక చూసుకుంటూ, తాను వచ్చేసరికే గుంట పూడి ఉందన్నారు. తర్వాత లైను వాళ్ళను ఒక్కొక్కరినీ పిలిచారు. "తెలీదండి." "ఎప్పట్నుంచో ఉందండి." "మేం పొద్దున్నే పనికెళ్ళిపోతామండి." ఆమె భర్త కూడా తెలీదన్నాడు. భార్యను చంపినదేమిటో తెలీదని చెప్పడానికి అతను ఎంత కూడదీసుకున్నాడో నేను చూశాను.

అధికారి నా వైపు తిరిగారు. "ఈ ఫ్యాక్టరీ మీ కుటుంబానిదని చెప్పారు. ఆ బూడిద మీ కాలం నాటిదేనా?"

"కాదండి. మా కాలంలో అది ఖాళీ గుంట. ఈ వేసవిలో మా సంస్థ మిల్లుల నుంచి తెప్పించి పోయించింది. పోస్తుంటే నేను చూశాను."

ఇంజినీరు ముఖం బూడిద రంగుకు తిరిగింది. ఆమె భర్త లేచి, గోడ పట్టుకుంటూ తన ఇంటికి నడిచి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

సైటుకు సీలు పడింది. యజమాని నన్ను ఉద్యోగం నుంచి తీసేయలేదు, కాని పనీ చెప్పలేదు. కొన్నాళ్ళు ఊరికే కూర్చుని, నేనే మానేశాను. ఇంజినీరు విశాఖపట్నంలో ఇంకో సంస్థలో చేరారు. అక్కడ ఆయన మట్టి పరీక్ష లేకుండా గంప మట్టి కూడా దించనివ్వరని తర్వాత విన్నాను.

సంగతి తెలిసి ప్లానరు ఒకసారి వచ్చారు. ఇద్దరం గేటు బయటే నిలబడ్డాం.

"మీరు చెప్పింది సరైన మాటేనండి," అన్నారు. "ఇప్పుడు వీళ్ళెక్కడికి పోతారు?"

"మీ ప్లానులో ఉంది కదా వీళ్ళకు చోటు."

"ప్లాను కాగితమండీ." సోంపు పొట్లం తీసి నాకు ఇవ్వబోయి, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

కేసు కోర్టుకు ఎక్కి కొన్నేళ్ళు నడిచింది. బ్యాంకు స్థలాన్ని స్వాధీనం చేసుకుంది. లైను వాళ్ళను ఖాళీ చేయించి, ఊరికి దూరంగా రెండు పంటలు పండే చేలు పూడ్చి వేసిన కాలనీకి పంపించారు. అక్కడి నుంచి పనికి రావాలంటే తెల్లవారకముందే బయల్దేరాలి. ఊరు ఇంకా పక్కకే పాకుతోంది. మధ్యలో మా స్థలం అలాగే ఉంది.

మా బంధువుల పెళ్ళిలో ఒక పెద్దాయన నా భుజం తట్టి, తాతగారి పేరు నిలబెట్టావయ్యా అన్నారు. నేను తల ఊపాను. నిజం చెప్పాడు, ధైర్యవంతుడు అని ఇంకొందరు అన్నారు. నా మటుకు నాకు తెలుసు. ఆ రోజు నిజం మా తాతగారి వైపు ఉంది, కాబట్టి నేను నిజం వైపు ఉన్నాను. అవి రెండూ వేరు వేరు దిక్కుల్లో ఉండి ఉంటే ఏం చేసేవాడినో ఎవరూ అడగలేదు. మళ్ళీ ఆ షెడ్డులో నిలబెట్టి అడిగినా అదే జవాబు చెప్తాను. అది తప్పని ఈనాటికీ అనుకోను. అది చాలిందని కూడా అనుకోను.

పాత ఫ్యాక్టరీలను బాగుచేసి ఊళ్ళోనే ఇళ్ళు కట్టాలని ఇప్పుడు అందరూ అంటున్నారు. మంచి మాట. నేను నమ్మిన మాట. మీలో ఎవరైనా అలాంటి స్థలంలో అడుగు పెడితే, ఎన్ని అంతస్తులు లేపవచ్చో తర్వాత చూసుకోండి. ముందు గుంట ఎక్కడుందో, అందులో ఏం పోశారో అడగండి. అడిగి, జవాబు చెప్పినవాడు దేన్ని కాపాడుకోవడానికి చెబుతున్నాడో కూడా చూడండి.

కొన్నేళ్ళ తర్వాత స్టేషను దగ్గర ఆమె భర్త కనిపించాడు. కర్ర పట్టుకుని రిక్షా దిగుతున్నాడు. నేనే పలకరించాను.

"బాగున్నారా సర్వేయరు గారూ," అన్నాడు.

పుట్టిన దగ్గర నుంచీ ఆ లైనులో నన్ను ఎవరూ అలా పిలవలేదు. కాలనీ ఎలా ఉందని అడిగాను. ఒకే గది, పైన రేకులు, పక్కన కాలవ, వానాకాలం ఇంట్లోకి నీళ్ళు వస్తాయని చెప్పాడు. మోకాళ్ళ సంగతి అడిగాను. మెట్లు లేవు కదండీ, ఫర్వాలేదన్నాడు. బండి వేళయిందని వెళ్ళిపోయాడు.

లైను ఇళ్ళు పడగొట్టిన రోజు తలుపులు, దూలాలు, కిటికీ చువ్వలు, మా మర మీద ఒత్తిన పైకప్పు పెంకులు అన్నీ కలిపి పాత కలప వ్యాపారికి అమ్మేశారు.